పాత వెండి రూపాయల స్థితిని నిర్ణయించేది ఎలా? వీఎఫ్, ఎక్స్‌ఎఫ్ తేడాపై చర్చ

పెన్నాతీరం, కడప:

సభ్యులందరికీ నమస్కారం. మా అవ్వ ట్రంకుపెట్టెలో దాచిన వెండి రూపాయలు ఇప్పుడు నా చేతికి వచ్చాయి. వాటిలో విక్టోరియావి, ఏడో ఎడ్వర్డువి, ఐదో జార్జివి ఉన్నాయి. వీటిని అమ్మే ఉద్దేశం నాకు లేదు. ఏ నాణెం ఏ స్థితిలో ఉన్నదో తప్పు లేకుండా ఒక పట్టీ రాసి, నాణేలతో పాటు దాన్ని కూడా పిల్లలకు అప్పగించాలన్నదే నా కోరిక.

అయితే 1901 నాటి విక్టోరియా రూపాయి ఒకదాన్ని ఇద్దరు వ్యాపారులకు చూపిస్తే ఒకరు ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అంటే చాలా తక్కువ అరిగినది) అన్నారు, మరొకరు వీఎఫ్‌కు (వెరీ ఫైన్, అంటే దానికంటే ఒక మెట్టు ఎక్కువ అరిగినది) మించదన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే, ఇద్దరూ భూతద్దం పెట్టి చూసే చెప్పారు. ఒకే నాణేన్ని చూసి ఇద్దరు రెండు మాటలు చెబుతున్నారంటే దీనికి నిలకడైన కొలత ఏదైనా ఉన్నదా, లేక చూసేవారి కంటిని బట్టి మారిపోయేదేనా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:

పెన్నాతీరం గారూ, కొలత ఉన్నది. అయితే అది తక్కెడ వంటిది కాదు, కన్ను సాధనతో సంపాదించుకోవలసినది. ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. గ్రేడు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: టంకశాల నుంచి బయటికి వచ్చిన రోజున నాణేనికి ఉన్న రూపంలో ఈనాటికి ఎంత మిగిలి ఉన్నది? నాణెం ఎంత అరుదైనది, ఎంత పాతది, ఎంత ధర పలుకుతుంది అన్నవి ఈ ప్రశ్నలోకి రావు. 1939 నాటి వెండి రూపాయి బాగా అరిగినా గిరాకీ తగ్గదు, ఎందుకంటే అది దొరకదు. కానీ దాని స్థితిని రాసేటప్పుడు అరిగిందని రాయవలసిందే.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 1 నుంచి 70 వరకు అంకెలున్న షెల్డన్ కొలమానం. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో, తమ దేశపు తొలినాళ్ల రాగి సెంట్ల కోసం దీన్ని రూపొందించాడు. అత్యుత్తమ స్థితిలో ఉన్న సెంటు, అట్టడుగు స్థితిలో ఉన్న దానికి డెబ్బై రెట్లు విలువ చేస్తుందన్న లెక్కమీద ఆయన 70 దగ్గర ఆపాడు. ఆ ధరల లెక్క ఎంతో కాలం నిలవలేదు, అంకెలు మాత్రం నిలిచిపోయాయి. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1970ల దశకంలో వాటినే అన్ని రకాల నాణేలకూ వర్తింపజేసింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ గ్రేడింగ్ కంపెనీలు నాణేలను పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇవ్వడం మొదలుపెట్టాక ఈ అంకెలు ప్రపంచమంతా పాకాయి.

మన వ్యాపారులు వాడే పేర్లను ఈ అంకెలతో కలిపి చూస్తే ఇలా ఉంటుంది. గుడ్ అంటే 4, వెరీ గుడ్ అంటే 8, ఫైన్ అంటే 12. వీఎఫ్ 20 దగ్గర మొదలై 35 దాకా పోతుంది. ఎక్స్‌ఎఫ్ 40, 45. దాదాపు వాడనివి, అంటే ఏయూ, 50 నుంచి 58 వరకు. 60 నుంచి 70 వరకు చేతులు మారని నాణేలకు, మింట్ స్టేట్ అనే వాటికి. గుడ్ అన్న పేరు చూసి బాగున్నదని అనుకోకూడదు. ఆ స్థితిలో బొమ్మ రూపురేఖలు మాత్రమే మిగులుతాయి, సంవత్సరం చదవగలిగితే అదే చాలు.

ఇక మీ నాణేల సంగతి. నాణెం మీద అందరికంటే ముందు అరిగేది ఎత్తుగా ఉన్న భాగం. కాబట్టి ప్రతి రకంలోనూ ఎత్తైన చోట్లు ఏవో తెలుసుకోవడమే సగం విద్య. విక్టోరియా రూపాయిలో చెవి పైనున్న జుట్టు, కనుబొమ్మ, కిరీటం కొసలు, రొమ్ము మీది వస్త్రపు అల్లిక చూడండి. బొరుసు మీద చుట్టూ ఉన్న పూల తీగలో రేకుల కొసలు చూడండి. ఎడ్వర్డుకు కిరీటం లేదు, అందువల్ల చెవి, చెవి పైనున్న వెంట్రుకలు, గడ్డం ముందుగా నునుపుతేలుతాయి. ఐదో జార్జికి కిరీటం నడిమి భాగం, కనుబొమ్మ, భుజాన వస్త్రం మీదున్న ఏనుగు ముఖ్యమైనవి. ఆ ఏనుగుకు ఒక చరిత్ర ఉన్నది. 1911లో వచ్చిన రూపాయిలో తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా కనిపిస్తున్నదని జనం అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కి తీసుకొని, 1912 నుంచి ఏనుగును సరిదిద్ది ముద్రించింది. ఆ చిన్న ఏనుగు చెవి, కాళ్లు విడివిడిగా కనిపిస్తే ఆ జార్జి రూపాయి మంచి స్థితిలో ఉన్నట్టు లెక్క.

వీఎఫ్‌లో ప్రధానమైన గీతలన్నీ ఉంటాయి, కానీ జుట్టులో పాయలు కొన్ని కలిసిపోతాయి, వస్త్రపు అల్లికలో నునుపైన తావులు కనిపిస్తాయి. ఎక్స్‌ఎఫ్‌లో ప్రతి గీతా విడిగా నిలిచి ఉంటుంది, ఎత్తైన కొసల మీద మాత్రమే కాస్త అరుగుదల ఉంటుంది, అక్షరాల సందుల్లో టంకశాల నాటి మెరుపు కొంచెమైనా దాగి ఉంటుంది. మీ 1901 రూపాయిని కిటికీ వెలుతురులో కాకుండా, ఒక వైపు నుంచి పడే బల్బు వెలుగులో, అంచులు మాత్రమే పట్టుకొని, మెల్లగా వంచుతూ తిప్పుతూ చూడండి. భూతద్దం 5 రెట్లు చూపేది చాలు.

గుత్తికోట, అనంతపురం:

బురుజు గారు చెప్పినది యంత్రపు నాణేలకు అక్షరాలా సరిపోతుంది. అయితే మన ప్రాంతంలో ఇళ్లలో ఉండేవి కేవలం రాణి రూపాయలు కావు. విజయనగర వరహాలు, అర వరహాలు, మొగలుల కాలపు రూపాయలు, టిప్పు సుల్తాను ఏనుగు పైసలు కూడా తరచుగా బయటపడుతుంటాయి. గుత్తిలోనే టిప్పు టంకశాల నడిచింది, ఆ నాణేల మీద ఊరి పేరు ఫైజ్ హిసార్ అని ఉంటుంది. వీటిని అచ్చుల మధ్య లోహపు బిళ్ల పెట్టి సుత్తితో కొట్టి తయారుచేశారు. బిళ్ల కంటే అచ్చు పెద్దది కావడం వల్ల రాతలో సగం బయటికి పోతుంది. దెబ్బ వంకరగా పడితే ఒక పక్క లోతుగా, మరో పక్క తేలికగా ముద్రపడుతుంది. ఒక్క రోజు కూడా చేతులు మారని నాణెం మీద సైతం దేవుడి ముఖం కనిపించకపోవచ్చు. అలాంటి దానికి 25 అనో 40 అనో అంకె తగిలిస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

అందువల్ల చేత్తో కొట్టిన నాణేలకు నేను అంకె రాయను. నాలుగు సంగతులు విడివిడిగా రాస్తాను: అరుగుదల ఎంత, ముద్ర ఎంత బలంగా పడింది, బొమ్మ నడిమధ్యన పడిందా పక్కకు జరిగిందా, రాతలో ఏయే భాగాలు బిళ్ల మీద నిలిచాయి. టంకశాల పేరు గానీ సంవత్సరం గానీ పూర్తిగా కనిపిస్తే, కాస్త అరిగినదైనా అదే మేలైన నాణెం. ఈ మాటతో అందరూ ఏకీభవించకపోవచ్చు, కానీ నా అభిప్రాయం ఇదే.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:

గుత్తికోట గారి పద్ధతి సరైనదే, దానితో నాకు పేచీ లేదు. పైగా బలహీనమైన ముద్రను అరుగుదలగా పొరబడటం యంత్రపు నాణేల్లోనూ జరుగుతుంది. పాతబడిన అచ్చుతో కొట్టినప్పుడు రాణి జుట్టు మొదటి రోజు నుంచే నునుపుగా ఉండవచ్చు. 1862 అని ఉన్న రూపాయలనే తీసుకోండి, ఆ సంవత్సరం మార్చకుండా 1874 దాకా ముద్రించారు. అన్నింటికీ ఒకే వాడి ఉండాలని ఆశించలేం.

రెండింటినీ వేరుచేసే మార్గం మెరుపులో ఉంది. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం నడిమి నుంచి అంచుల వైపు పారుతుంది, ఆ పారుదలకు కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయి. నాణేన్ని తిప్పితే వెలుగు చక్రపు ఆకుల్లా తిరుగుతూ కనిపించేది వాటివల్లనే. చేతులు మారేకొద్దీ ఆ గీతలు ముందుగా ఎత్తైన చోట్ల చెరిగిపోతాయి. కాబట్టి నునుపుగా ఉన్న చోటులో కూడా వెలుగు అదే విధంగా తిరిగితే అది ముద్ర లోపం, అక్కడ వెలుగు ఆగిపోయి బూడిదరంగుగా కనిపిస్తే అది అరుగుదల. ఇద్దరు వ్యాపారుల మాటలు వేరైనప్పుడు చాలాసార్లు తగాదా ఇక్కడే ఉంటుంది.

మరొకటి కూడా చెప్పాలి. చేతులు మారలేదన్నంత మాత్రాన నాణెం అందంగా ఉంటుందని లేదు. టంకశాల సంచుల్లో ఒకదానికొకటి తగిలి నిండా గాట్లు పడిన 60 కంటే, ముక్కు మీద రవ్వంత రాపిడి మాత్రమే ఉన్న 58 చూడటానికి ఎంతో బాగుంటుంది. అంకె పెద్దదైనంత మాత్రాన దాన్నే ఎంచుకోవాలని లేదు.

ప్రొద్దుటూరు పసిడి:

నేను నగల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇంకో కోణం చెబుతాను. మన ఇళ్లలోని వెండి రూపాయలకు అరుగుదల కంటే పెద్ద శత్రువు శుభ్రం చేయడం. పండుగ వచ్చిందంటే పూజలో పెట్టే వెండి సామానుతో పాటు రూపాయలను కూడా చింతపండుతోనో, విభూదితోనో, కుంకుడు నురుగుతోనో తోమేస్తారు. తోమిన తర్వాత నాణెం తళతళలాడుతుంది, చూసినవారికి కొత్తదిలా అనిపిస్తుంది. కానీ బురుజు గారు చెప్పిన ఆ సన్నని గీతలు పోయి, వాటి స్థానంలో ఒకే దిక్కుకు సాగిన వెంట్రుక గీతలు మిగులుతాయి. వెలుగు చక్రంలా తిరగదు, అద్దం మీద పడినట్టు ఒకే చోట మెరిసి ఆగిపోతుంది. ఇలాంటి నాణేలకు గ్రేడింగ్ కంపెనీలు అంకె ఇవ్వవు. ఎక్స్‌ఎఫ్ స్థాయి వివరాలున్నాయి గానీ శుభ్రం చేసినది అని రాసి పంపిస్తాయి. పెన్నాతీరం గారు అడిగిన ఇద్దరిలో ఒకరు గీతలను చూసి గ్రేడు తగ్గించి ఉండవచ్చు, మరొకరు కేవలం బొమ్మ వివరాలను లెక్కించి ఉండవచ్చు.

రెండోది కొక్కెం. రూపాయలకు కొక్కేలు అతికించి హారాలు, మొలతాళ్లు చేయించుకోవడం మన దగ్గర మామూలే. తరువాత కొక్కెం తీసి, ఆకురాయితో రాసి, అంచు సరిచేసి అమ్ముతుంటారు. దీన్ని కనిపెట్టడానికి బొమ్మను కాదు, అంచును చూడాలి. రూపాయి అంచు చుట్టూ నిలువు గీట్లు సమంగా ఉంటాయి. వేలితో తిప్పుతూ చూస్తే ఒక చోట గీట్లు చెరిగిపోయి గానీ, టాకా వేసిన లోహం రంగు కాస్త తేడాగా గానీ తెలుస్తుంది. తల పైభాగాన, అంటే పన్నెండు గంటల స్థానంలో, తప్పకుండా చూడండి.

పెన్నాతీరం, కడప:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే రాత్రి బల్బు కింద 1901 రూపాయిని చూశాను. చెవి పైనున్న జుట్టులో రెండు మూడు పాయలు కలిసిపోయి ఉన్నాయి, వెలుగు అక్కడ తిరగడం లేదు. కిరీటం స్పష్టంగా ఉన్నది. రొమ్ము మీది అల్లికలో నడిమి భాగం నునుపుగా ఉన్నది, పక్కలు బాగున్నాయి. బొరుసు మాత్రం చాలా బాగున్నది; పూల రేకులన్నీ విడివిడిగా ఉన్నాయి, అక్షరాల సందుల్లో మెరుపు కూడా ఉన్నది. అడుగున చిన్న 'సీ' అక్షరం గుంటగా కనిపిస్తున్నది. తోమిన గీతలు నాకు కనిపించలేదు. ఉపరితలం నలుపు కలిసిన నీలిరంగులోకి తిరిగి ఉన్నది. ఆ రంగును తీసివేయాలా?

కొండారెడ్డి బురుజు, కర్నూలు:

దయచేసి తీయకండి. గాలిలోని గంధకంతో వెండి కలిసినందువల్ల ఏర్పడిన పొర అది. సమంగా పరుచుకున్న ఆ రంగు నాణేన్ని ఎవరూ తోమలేదనడానికి సాక్ష్యం, సంగ్రాహకులు దాన్ని కోరి కొంటారు. పలుచని ఆమ్లంలో ముంచి తీస్తే రంగుతో పాటు పైపొర వెండి కూడా పోతుంది. పదేపదే ముంచితే నాణెం జీవం లేకుండా పాలిపోతుంది.

మీ వర్ణన ప్రకారం బొమ్మ వైపు వీఎఫ్ పై మెట్టు, అంటే 30 లేదా 35. బొరుసు ఎక్స్‌ఎఫ్. ఇద్దరు వ్యాపారుల్లో ఒకరు బొరుసు చూసి మురిసి ఉంటారు, మరొకరు బొమ్మ చూసి బిగించి ఉంటారు. పాత పద్ధతిలో రెండు వైపులకూ వేరువేరుగా రాసే వీలు ఉన్నది, మీ పట్టీలో అలాగే రాయండి. పెట్టెలో సీలు వేసే కంపెనీలు ఒకే అంకె ఇస్తాయి, అందులో సాధారణంగా బొమ్మ వైపుకే ఎక్కువ బరువు ఉంటుంది. ఆ 'సీ' కలకత్తా టంకశాల గుర్తు, దాన్ని కూడా రాసుకోండి.

ఆదోని వరహా:

ఆలస్యంగా చేరినందుకు మన్నించాలి. కంపెనీలకు పంపే విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని వ్యక్తులు సొంతంగా దేశం దాటించడం నిషిద్ధం. విక్టోరియా రూపాయలు, ఎడ్వర్డు రూపాయలు అన్నీ ఇందులోకి వచ్చేవే. గ్రేడు కోసమే కదా అని కవరులో పెట్టి అమెరికాకు పోస్టు చేయకూడదు. పెట్టెలో ఉన్న నాణేన్ని కొనేవారు కూడా పెట్టె మీది అంకెను నమ్మి ఊరుకోకుండా, దాని మీదున్న ధ్రువీకరణ సంఖ్యను కంపెనీ వెబ్‌సైటులో చూసి, అక్కడి ఫొటోతో చేతిలోని నాణేన్ని పోల్చాలి, ఎందుకంటే నకిలీ పెట్టెలు కూడా తయారవుతున్నాయి.

గుత్తికోట గారి మాటకు మా ఊరి ఉదాహరణ ఒకటి జోడిస్తాను. మొగలులు ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టి ఇక్కడ టంకశాల నడిపారు. ఇక్కడి బంగారు వరహా చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆ కొద్దిపాటి బిళ్ల మీద పూర్తి రాతను ఆశించడం న్యాయం కాదు. పాత నాణేల మీద సరాఫులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, లోహాన్ని పరీక్షించడానికి కొట్టిన చిన్న ముద్రలు, గాట్లు కూడా ఉంటాయి. వాటిని కంపెనీలు లోపంగానే పరిగణించవచ్చు, కానీ అవి ఆ నాణెం బజారులో చేతులు మారిన కాలపు గుర్తులు. నేనైతే వాటిని దెబ్బల పద్దులో వేయను, విడిగా వర్ణిస్తాను.

పొలంలో దున్నుతున్నప్పుడు నాణేలు దొరికినవారు మాత్రం గ్రేడు గురించి ఆలోచించక ముందే 1878 నాటి నిక్షేపాల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. పది రూపాయలకు మించి విలువ చేసే నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయవలసి ఉంటుంది. మట్టిని రుద్దకుండా, దొరికింది దొరికినట్టుగా అప్పగిస్తే పరిశీలించేవారికి ఎంతో మేలు.

అనంత రసాయనం, అనంతపురం:

భద్రపరచడం గురించి రెండు మాటలు. బజారులో దొరికే మెత్తని పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే నాణెం మీద జిగురైన ఆకుపచ్చ పొర వస్తుంది, అది లోహాన్ని తినేస్తుంది. వెండి, బంగారం మీద ఆ జిగురును స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా తీయవచ్చు; అసిటోన్ వెండిని తాకదు. మంటలకు దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. రాగి నాణెం మీద పొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే అది లవణాల వల్ల వచ్చే తెగులు, అలాంటి దాన్ని వెంటనే మిగతా వాటి నుంచి వేరుచేసి పొడి వాతావరణంలో ఉంచాలి. రాగి నాణేలకు అంకెతో పాటు రంగును కూడా రాస్తారు: ఎరుపు, ఎరుపు గోధుమ, గోధుమ. ఒకసారి గోధుమరంగుకు తిరిగిన దానికి తోమి ఎరుపు తెప్పించినా అది అసలు ఎరుపుగా చెల్లదు.

కొత్త సభ్యుడు, నంద్యాల:

నా దగ్గర 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉన్న హనుమంతుడి బొమ్మ రాగి బిళ్ల ఉన్నది. ఎక్స్‌ఎఫ్ స్థితిలో ఉన్నది. రిజర్వు బ్యాంకు ద్వారా అమ్మిపెడతామని ఫోనులో ఒకరు చెబుతున్నారు, ముందుగా రుసుము కట్టమంటున్నారు. కట్టవచ్చా?

నిర్వాహకుడు:

కట్టకండి. పాత నాణేల కొనుగోలు, అమ్మకాల్లో తమకు ఎలాంటి సంబంధం లేదని, తమ పేరుతో రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇక మీరు చెప్పిన బిళ్ల కంపెనీ నాణెం కాదు, తరువాతి కాలంలో ఎవరో తయారుచేసిన ఊహా టోకెను. నాణేనికి ఇచ్చే గ్రేడు దానికి వర్తించదు. ఈ విషయంపై మరిన్ని ప్రశ్నలుంటే వేరే చర్చ ప్రారంభించండి.

పెన్నాతీరం, కడప:

అందరి సూచనల ప్రకారం మొదటి పద్దు ఇలా రాశాను, చూసి దిద్దగలరు:

"విక్టోరియా ఎంప్రెస్, ఒక రూపాయి, 1901, కలకత్తా. బొమ్మ వీఎఫ్ 30, చెవిపై జుట్టులోనూ వస్త్రం నడుమనూ అరుగుదల. బొరుసు ఎక్స్‌ఎఫ్, సందుల్లో మెరుపు ఉన్నది. నీలి నలుపు సహజ వర్ణం. తోమినట్టు గీతలు లేవు. అంచు చుట్టూ చూడబడినది, కొక్కెం ఆనవాలు లేదు."

ప్రొద్దుటూరు పసిడి:

చక్కగా ఉన్నది. బరువు ఒక్కటి తప్పిపోయింది. ఈ రూపాయి అసలు బరువు 11.66 గ్రాములు, వీఎఫ్ స్థాయి అరుగుదలకు అందులో కొద్దిగానే తగ్గాలి. మరీ తగ్గినా, అసలు బరువును మించినా నకిలీ అని అనుమానించాలి. గ్రాములో వందో వంతు చూపే తక్కెడ మీద తూచి, వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు పద్దు చివర చేర్చండి. ఎడ్వర్డు రూపాయల పద్దులు కూడా ఇక్కడే పెడితే అందరం కలిసి చూస్తాం.